ఎర్త్ గుంత

స్విచ్ వేసి, వాల్వులు ఎర్రబడేదాకా ఆగి, ఎస్తేర్ వాల్యూమ్ కొంచెం పెంచిందో లేదో చర్చి అంతా గుంయ్‌మని మోగింది. బల్లల మీద కూర్చున్న పాటల గుంపు ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. గిటారు మెడకు తగిలించుకుని నిలబడ్డ ఆమె మొగుడు రత్నాకర్ తీగ మీటాడు. తీగ కదలడం కనబడిందే గాని దాని పలుకు వినబడలేదు. రొద దాన్ని మింగేసింది.

"కోడలా, ఇది పాట పాడుతదా, పిండి గిర్ని నడుస్తదా?" అన్నాడు సాముయేలు. ఆయన రత్నాకర్‌కు తండ్రి, చిన్న మంగళారంలోని ఆ చిన్న చర్చికి సంఘ పెద్ద. ఆయన నవ్వితే నవ్వడం మిగతావాళ్లకు అలవాటు. అందరూ నవ్వారు.

ఎస్తేర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. నవ్వరూ మరి! చేవెళ్లలో ముకుందం సేటు దుకాణంలో పొద్దంతా కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి, పని అయ్యాక అదే బల్ల మీద కూర్చుని ఈ ఆంప్లిఫయర్ డబ్బా చేసింది. పాత రేడియోల్లోంచి ఏరిన వాల్వులు, తన చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, ముందువైపు గిటారుకొక రంధ్రం, మైకుకొక రంధ్రం. వాల్వుల డబ్బాలో గిటారు పలికితే ఆ తీపే వేరని ఎవరో అంటే విని, మొగుడి వేళ్లకు తగ్గ గొంతు తానే తయారుచేస్తానని పంతం పట్టింది. ఆ గొంతు ఇదిగో, గిర్ని గొంతు.

"మైకుల పాడు, చూద్దాం," అంది రత్నాకర్‌తో, పళ్లు బిగించి.

అతను మైకు మీదికి వంగాడు. పెదవి తగలడంతోటే ఎవరో లెంపకాయ కొట్టినట్టు తల వెనక్కి ఎగిరింది. మైకు స్టాండుతో సహా కింద పడింది.

"ఏమాయె?"

"ఏం లేదు. జర జుమ్మన్నది," అన్నాడు పెదవి తుడుచుకుంటూ. రత్నాకర్ ఏది చెప్పినా ఇంతే, పక్కనున్నవాడు రెండోసారి అడగాల్సిందే.

ఎస్తేర్ ఒక్క ఉరుకున పోయి ప్లగ్గు పీకేసింది. రొద ఉంటే సిగ్గు, అంతవరకే. కరెంటు కొట్టడం వేరే సంగతి. ఆ డబ్బా కడుపులో మూడొందల వోల్టులు తిరుగుతుంటాయి, మనిషిని కట్టెను చేయడానికి అందులో సగం చాలు. తన చేత్తో చేసిన డబ్బా తన మొగుణ్నే కొట్టింది.

సాముయేలు నవ్వు మానేశాడు. "ఆదివారం కోత పండుగ. ఎనక ఫామ్‌హౌస్ ఆనంద్‌కుమార్ సారు గూడ వస్తుండు. శనివారం దాక చూస్త. సక్కగైతే సరి. లేకుంటే మొయినాబాద్‌కెంచి కిరాయి డబ్బా తెస్త, నీదాన్ని మళ్ల ఈ గుమ్మం తొక్కనియ్య. పిలగాండ్లు తిరిగే జాగ ఇది."

న్యాయమైన మాటే. న్యాయమైన మాట కాబట్టే ఆమెకు ఇంకా మండింది. డబ్బాను పాత చీరలో మూటకట్టి ఇంటికి మోసుకుపోయింది.

మర్నాడు దుకాణంలో మూత విప్పి బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. చప్పుడు లేదు. స్పీకరుకు చెవి ఆనిస్తే, పక్కింటి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నట్టు సన్నటి సుయ్ ఒకటి, అంతే.

"ఆన్ అయిందా లేదా?" అన్నాడు ముకుందం సేటు గల్లా దగ్గర నుంచి.

"అయింది సేటు. గదే నా కర్మ. ఈడ పిల్లి, ఆడ పులి."

పిల్లే కదా అని వదిలేస్తే ఆమె ఎస్తేర్ ఎందుకవుతుంది? వాల్వులను వేడిచేసే రెండు తీగలనూ విప్పి, జడలాగా బిగించి పేని, రేకు మూలకు నొక్కి పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ మరలు వదులుచేసి దాన్ని అడ్డంగా తిప్పింది. వెదురు పుల్లతో ఒక్కో అతుకునూ తట్టి చెవి పెట్టింది. అనుమానమొచ్చిన కెపాసిటర్‌ను పీకి కొత్తది వేసింది. పైరేకులోకి లోపలి కరెంటు కారుతోందేమోనని మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ఎక్కడో ఒకచోట తప్పు దొరికి ఉంటే కోపానికి నిలబడే జాగా దొరికేది. దొరకలేదు.

దొరక్కపోతే మొగుడున్నాడు కదా. అన్నం గిన్నె మూతైనా తీయకుండా రత్నాకర్‌కు ఫోన్ చేసింది. అతను చర్చి వెనకనే ఉన్న ఆనంద్‌కుమార్ సారు ఫామ్‌హౌస్‌లో వంటమనిషి.

"నీ గిటారు వైరే ఖరాబున్నది. పారెయ్యుమంటే ఇంటవా? నా డబ్బా పేరు ఖరాబు చేస్తున్నవ్."

అవతల కుక్కర్ కూతల మధ్య, "సరే, పారేస్త తియ్యి," అన్నాడు. సరే అన్నందుకు ఇంకోసారి తిట్టి పెట్టేసింది.

ముకుందం సేటు అంతా వింటూనే ఉన్నాడు. "ఎందుకమ్మా వాన్ని, డబ్బాను ఇద్దర్ని సంపుతవ్? దాంట్ల తప్పు లేనే లేదు. ఆడ ఎర్త్ సూసినవా?"

"చర్చికి ఎర్త్ లేకుండ ఎట్లుంటది సేటు? ఎనక గుంత ఉన్నది. ప్రేమమ్మ అవ్వ శనివారం శనివారం బకెట్ పట్టుకొని పోయి నీళ్లు పోస్తనే ఉంటది, నేను చూస్తనే ఉంట."

"బకెట్‌ను సూస్తే ఎర్త్‌ను సూసినట్టేనా?"

ఆ మాట చురుక్కుమంది. ఎవరి మోటారు షాక్ కొడుతోందన్నా, ముందు పోయి ఎర్త్ చూసుకోమని చెప్పేది తానే. తన డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి గడ్డి మేయడానికి పోయింది.

మరుసటి పొద్దున హోల్డరూ బల్బూ సంచిలో వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని చర్చికి పోయింది. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే బండలు చల్లగా తగిలాయి. చర్చి ఊడ్చి తుడిచే ప్రేమమ్మ వంగి తడిగుడ్డ పెడుతోంది.

ఎస్తేర్ హోల్డర్ తీగల్లో ఒకదాన్ని ఫేజులో, రెండోదాన్ని ఎర్త్ రంధ్రంలో గుచ్చింది. ఎర్త్ గట్టిగా ఉంటే బల్బు ధగధగా వెలగాలి. లోపలి పోగు బీడీ కొసలా కాస్త ఎర్రబడి ఊరుకుంది.

డబ్బా ఆన్ చేసింది. గుంయ్.

"అవ్వా, ఆ చల్లనీళ్ల మిషన్ జర బంద్ చెయ్యి."

ప్రేమమ్మ గుడ్డ బకెట్లో వేసి, చీర కొంగు చేతికి చుట్టుకుని, మిషన్ ముందు పరిచిన అట్టముక్క మీద రెండు కాళ్లూ పెట్టి, అప్పుడు స్విచ్ నొక్కింది. రొద సగానికి సగం పడిపోయింది. ఎస్తేర్ మాత్రం రొద సంగతి మరిచిపోయి ఆ అట్టముక్కనే చూస్తోంది.

"దాని మీద నిలవడ్డవేందవ్వా?"

"ఉత్త కాళ్లతోటి పట్టుకుంటే జుమ్మంటది బిడ్డా. సారు ఇచ్చిన మిషన్, మంచిదే గని జర కొడతది. పిలగాండ్లకు గూడ చెప్పిన, అట్ట మీద నిలవడి తాగుండ్రి అని."

ఇప్పుడు అర్థమైంది. మిషన్‌లోంచి కారే కరెంటు భూమిలోకి దిగిపోవాలి. దిగే దారి లేక, గోడల్లోని ఎర్త్ తీగనే పట్టుకుని తన డబ్బాలోకి వస్తోంది, అక్కడినుంచి రత్నాకర్ పెదవి మీదికి. డబ్బా తప్పు కాదు, తన చెయ్యి తప్పు కాదు. ఎస్తేర్‌కు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆ అట్ట మీద నిలబడే పిల్లల బుల్లి పాదాలు మనసులో మెదిలి ఒళ్లంతా భగ్గుమంది. ఒకరోజు ఎవడో ఒక పిల్లగాడు అట్ట సంగతి మరిచిపోతే?

"అవ్వా, గుంతల నీళ్లు పోస్తున్నవా లేదా?"

"ఏ వారమన్న ఆపిన్నా? తుడిసిన నీళ్లన్ని తీస్కపోయి గోడ మొదట్ల పోస్త."

"గోడ మొదట్ల ఎందుకు? గుంతల పొయ్యాలె గద!"

"గుంత అవుతలికి పోయె గద బిడ్డా, ఫామ్‌హౌసోళ్లు గోడ కట్టినప్పుడు," అంది ప్రేమమ్మ, ఇంత తెలియదా అన్నట్టు. "మరి నేను గోడెట్ల దుంకుదు? ఈడ పోస్తే అడుగు అడుగున దానికే పోతయని పోస్తున్న."

ఎస్తేర్ గడ్డపార పట్టుకుని చర్చి వెనక్కి పోయింది. అంతా సర్కారు తుమ్మ; ప్రేమమ్మ నడిచిన సన్నటి బాట తప్ప అటు ఎవరూ పోరు. ఫామ్‌హౌస్ ప్రహరీ మొదట్లో, ఆ ముసలమ్మ వారం వారం పోసిన నీళ్లకు గరిక ఒత్తుగా పెరిగింది. చర్చి గోడ మీదినుంచి దిగిన ఇనుప ఎర్త్ పట్టీ వెంట తవ్వుకుంటూ పోతే, అది ప్రహరీ పునాది రాళ్ల దగ్గరికి పోయి తెగిపోయింది. తెగిన కొస వంకరపోయి, తుప్పుపట్టి, పైకి చూస్తోంది. ఆమె గడ్డపార అక్కడే పారేసి, ముళ్లు కాలికి గుచ్చుకుంటున్నా చూసుకోకుండా ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి నడిచింది.

గేటు కాపలా ఉండే అంతమ్మ ఊరిదే. ఎస్తేర్ ముఖం చూసి గేటు సగమే తీసింది.

"అంతమ్మక్కా, మా చర్చి గుంతేడున్నది?"

అంతమ్మ వెనక్కి తిరిగి చెయ్యి చూపించింది. ప్రహరీని ఆనుకుని పాలిష్ బండలు పరిచిన అరుగు, దాని మీద గొడుగు, గొడుగు కింద తెల్ల కుర్చీలు. "గా బండల కింద."

"దొంగ ముండాకొడుకులు! దేవుని జాగలకు జరిగి గోడ కట్టిండ్రా? ఏడి నీ సారు? పిలువు."

"సారు మీద ఎందుకు ఎగురుతవ్?" అంది అంతమ్మ, గొంతు తగ్గించి. "హద్దు ఏడిదాక అని సారు అడిగిండు. మీ మామనే ముందల నిలవడి, గిదే హద్దని మేస్త్రితోటి ముగ్గు పోయించిండు. నా కండ్లతోటి చూసిన. సారు ఇనాం కింద ఆ నీళ్ల మిషన్ ఇచ్చిండు."

కంచే చేను మేసిందన్నమాట. ఎస్తేర్ ఎక్కడా ఆగకుండా ఇంటికి నడిచింది.

సాముయేలు వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. రత్నాకర్ పొద్దటి వంట ముగించుకుని వచ్చి, తండ్రి పక్కన గడప మీద కూర్చున్నాడు.

"మామా, చర్చి జాగ ఎంతకమ్మినవ్?"

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగెందుకు? ఊరంత ఇననియ్! పిలగాండ్లు కరెంటు మిషన్ పట్టుకొని నీళ్లు తాగుతుండ్రు. నీ కొడుకు మూతి కాలింది. నువ్వేమో నా డబ్బా మీద జోకులేస్తివి. ఎర్త్ పట్టీ నరికిచ్చిన నోటితోటే, ఇది పిలగాండ్లు తిరిగే జాగ అంటివి!"

"పట్టీ సంగతి నాకెరుక లేదు, దేవుని తోడు," అన్నాడు సాముయేలు. గ్లాసు కింద పెట్టాడు. "జాగ సంగతి ఎరుకనే. అమ్మలే, పైస ముట్టలే. ముళ్లకంప జాగ, ఎవ్వనికి అక్కరకొచ్చింది? అజీజ్‌నగర్ రిసార్ట్‌ల నుంచి నీ మొగన్ని తీసేస్తే ఇంట్ల ఎంత లొల్లి చేసినవ్, యాదికున్నదా? ఎవరికన్న చెప్పు మామా, ఎవరి కాళ్లన్న పట్టుకో మామా అని నా పానం తోడేసినవ్. పట్టుకున్న. ఆ సారు కాళ్లే పట్టుకున్న. ఆ వంట పని ఊకనే దొరికిందనుకున్నవా? నువ్వు తింటున్న బువ్వ ఆ జాగదే. తిన్నింటి వాసాలు లెక్కవెడుతున్నవా?"

ఎస్తేర్ గడప వైపు తిరిగింది. "నీకెరుకనా?"

రత్నాకర్ చాయ్ గ్లాసులోకి చూస్తూ తల ఊపాడు.

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ నోట్లోంచి ఒక్క తిట్టూ రాలేదు. మామ కాళ్లు పట్టుకున్నది నిజం. ఆ జీతంతోనే నూనె, బియ్యం వచ్చింది నిజం. డబ్బాలోని స్పీకరు కూడా ఆ జీతంతో కొన్నదే. ఎవరిని తిడుతుంది?

సాముయేలు అది కనిపెట్టాడు. గొంతులో తేనె పోసుకున్నాడు. "ఇవుతల ఇంకో గుంత తవ్వు బిడ్డా. ఉప్పు, బొగ్గు నేనే పంపిస్త. సప్పుడు పోతది, పిలగాండ్లకు భయముండది, నీ డబ్బాకు పేరొస్తది. ఎవ్వరికేం ఫికరుండది. అడుసు తొక్కినం, కాలు కడుక్కుందాం."

శనివారం ఎండ పొద్దునుంచే చిటపటలాడింది. ఎస్తేర్ గడ్డపార ఎత్తి నేలను కొట్టింది. ఒక్కో పోటుకు ఒక్కొక్కర్ని తిట్టింది, పైకి కాదు, లోపల. మామను, సారును, ముగ్గు పోసిన మేస్త్రిని, తెలిసీ నోరు విప్పని మొగుణ్ని. అందరికన్నా గట్టి పోటు తనకు. పిల్లల కాళ్లు ఆ అట్ట మీద ఉండగా న్యాయం అడుగుతూ కూర్చోవడం కుదరదు, గుంత తవ్వాల్సిందే. తవ్వితే మామ పాపం కప్పినట్టు, తవ్వకపోతే పిల్లల ప్రాణం మీదికి. ఎటు పోయినా ఆమె చేతికే మట్టి అంటించిన పెద్దమనిషి మీద కోపం కన్నీళ్లై వస్తుంటే, చెమటతో కలిపి తుడుచుకుంది.

రత్నాకర్ బకెట్లతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

"నా కండ్ల ముందల నిలవడకు," అంది తలెత్తకుండా.

అతను పోలేదు. ఆమె తవ్విన మట్టిని చేతులతో ఎత్తి పక్కకు పోశాడు. ఇద్దరూ కలిసి ఇనుప పైపు నిలబెట్టారు. ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు. నీళ్లు పోస్తే నేల గటగటా తాగింది. పట్టీని పైపుకు బోల్టు వేసి బిగించి, లోపలికి పోయి బల్బు గుచ్చితే, చూడలేనంత ధగధగా వెలిగింది. ప్రేమమ్మ ఉత్త కాళ్లతో బండల మీద నిలబడి, భయం భయంగా ఒక వేలితో నీళ్ల మిషన్‌ను ముట్టుకుని, ఆ తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించింది.

"కొడతలేదే!"

డబ్బా ఆన్ చేస్తే అదీ మెదలకుండా కూర్చుంది. రత్నాకర్ ఒక్క తీగ మీటాడు. ఆ పలుకు బండల మీదా, కిటికీల మీదా తేలి తేలి, తీరిగ్గా ఆరిపోయింది. ఇన్నాళ్లూ ఎస్తేర్ కోరుకున్నది సరిగ్గా ఇదే. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు.

"సబాష్ కోడలా!" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సాముయేలు. ఆయన ముఖం కూడా చాలా రోజులకు తేటపడింది. ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. మొక్కజొన్న కంకులు, సొరకాయలు, టమాటా గంపలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి ముందు కుప్పపోశారు. లోపల చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. మొదటి వరసలో కుర్చీ వేసి ఆనంద్‌కుమార్ సారును కూర్చోబెట్టారు. ఆయన చెప్పులు విప్పి, వినయంగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎస్తేర్ డబ్బా పక్కన నేల మీద కూర్చుని వాల్వుల ఎర్రటి వెలుగునే చూస్తోంది. మనుషుల ముఖాలు చూడబుద్ధి కాలేదు.

సాముయేలు మైకు దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతు గంటలా మోగింది. దేవుడిచ్చిన పంటకు స్తోత్రం చెప్పాడు. చల్లనీళ్ల మిషన్ ఇచ్చిన సారుకు శాలువా కప్పాడు. "మా కోడలు సప్పుడు మొత్తం బంద్ చేసింది. ఇగ మన సంఘంల ఏ లోటు లేదు," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎస్తేర్ పళ్లు కొరికింది.

"రత్నాకర్, పాటెత్తు."

రత్నాకర్ గిటారుతో ముందుకొచ్చాడు. మైకు మీదికి వంగాడు. వేళ్లు తీగల మీద ఉన్నాయి గాని కదల్లేదు. పాటల గుంపు ఆడవాళ్లు అతని వంక చూశారు.

"నేను రేపటికెంచి సారు కాడ వంటకు పోను," అన్నాడు.

ముందు వరసలో ఆనంద్‌కుమార్ సారు తలెత్తాడు.

"గోడ అవుతల, ఆ బండలేసిన జాగ మన చర్చిది. నా నౌకరి కోసం మా బాపు ఇచ్చేసిండు. నాకెరుకై గూడ ఊకున్న. ఎర్త్ గుంత ఆడనే ఉన్నది."

ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పాడు. ముందున్నవాళ్లు కొయ్యబారిపోయారు. వెనక, మెట్ల మీదివాళ్లు "ఏమన్నడు? ఏమన్నడు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. సాముయేలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాళ్ల దగ్గరి సొరకాయలు దాటుకుంటూ, తూలుతూ డబ్బా వైపు వచ్చాడు.

"కోడలా, బంద్ చెయ్యి! ప్లగ్గు పీకు! నీకు దండం పెడత, పీకు!"

ఎస్తేర్ లేచి నిలబడింది. గిటారు వైరును తిట్టిన కోపం, గడ్డపారతో నేలను పొడిచిన కోపం, ఎటు పోవాలో తెలియక ఇన్ని రోజులూ గొంతులో అడ్డుపడ్డ కోపం, అంతా ఇప్పుడు చేతి వేళ్లలోకి దిగింది. మామకూ ప్లగ్గుకూ మధ్య అడ్డంగా నిలబడి, డబ్బా మీదికి వంగి వాల్యూమ్ పెంచింది. ఇంకా పెంచింది. డబ్బా చిన్న చప్పుడు కూడా చేయలేదు.

"మళ్ల చెప్పు," అంది మొగుడి కళ్లలోకి చూస్తూ. "ఎనకున్నోళ్లకు ఇనబడలే."

రత్నాకర్ మళ్లీ చెప్పాడు.